పాత జబ్బుతో కొత్త దేశానికి: ప్రయాణ బీమాపై పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలికి మే నెలాఖరులో పురుడు. మావారికి 67 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది, మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. నాకు 61, బీపీ మాత్ర తప్ప వేరే బాధ లేదు. మేమిద్దరం అయిదున్నర నెలలు ఉంటాము. మా అమ్మాయి, తొమ్మిదేళ్ల మనవడు వేసవి సెలవులకు మాతోపాటు వచ్చి నెల రోజులుండి తిరిగి వచ్చేస్తారు. ఏజెంటు నలుగురికీ కలిపి అయిదు లక్షల డాలర్లకు ఒకే ఫ్యామిలీ పాలసీ ఇస్తానంటున్నాడు. అబ్బాయేమో అక్కడి కంపెనీ పాలసీని తానే ఆన్‌లైన్‌లో తీసుకుంటానంటున్నాడు. మా ఆడపడుచు వాళ్లు కిందటేడు ఏ బీమా లేకుండానే వెళ్లి సుఖంగా తిరిగి వచ్చారు. అసలు ఇది అవసరమా? అవసరమైతే ఏది తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఆడపడుచు గారి వాళ్లను ఎవరూ అడగకపోవడంలో వింత లేదు. అమెరికా సందర్శకుల వీసాకు బీమా తప్పనిసరి కాదు; కాన్సులేటులోగానీ, అక్కడి విమానాశ్రయంలోగానీ పాలసీ చూపించమని అడిగే నియమం లేదు. అయితే అక్కడి వృద్ధులకు ప్రభుత్వం నడిపే మెడికేర్ వంటి పథకాలు సందర్శకులకు వర్తించవు. 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని, చేతిలో డబ్బు ఉన్నా లేకపోయినా, పరీక్షించి ప్రాణాపాయం తప్పించవలసిందే. ఆ చట్టం వైద్యం అందేలా చూస్తుందే తప్ప దాని ఖర్చును మాఫీ చేయదు. నాలుగు వారాల తరువాత ఆసుపత్రి నుంచి ఒకటి, డాక్టరు నుంచి ఒకటి, అంబులెన్సు నుంచి ఇంకొకటిగా బిల్లులు విడివిడిగా ఇంటికి వస్తాయి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు డబ్బుకు తానే బాధ్యుడినని మీ అబ్బాయి సంతకం పెట్టి ఉంటే ఆ భారం నేరుగా అతని మీద పడుతుంది. స్టెంటు ఉన్న మనిషిని బీమా లేకుండా పంపమని నేను చెప్పలేను.

ఇక ఏజెంటు చెప్పిన అయిదు లక్షల డాలర్ల సంగతి. పాలసీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండే ఆ అంకె మీ వారి విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. మీరు చూడవలసింది లోపలి పేజీల్లో, ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి రాసిన నాలుగైదు పంక్తులను. మన దేశపు కంపెనీలు అమ్మే మామూలు ప్రయాణ పాలసీల్లో అటువంటి జబ్బులకు చెల్లింపు ఉండదు. ఉన్నా ప్రాణాపాయ స్థితి ఏర్పడినప్పుడు, అది కూడా ఆ ప్రమాదం గట్టెక్కే వరకు, మొత్తం కవరేజీతో సంబంధం లేని ఒక చిన్న పరిమితికి లోబడి మాత్రమే ఉంటుంది. అదనపు ప్రీమియం తీసుకుని ఆ పరిమితిని పెంచే పాలసీలు కొన్ని ఉన్నాయి గనుక ఏజెంటును ఆ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: "మావారికి మళ్లీ గుండెపోటు వస్తే కంపెనీ గరిష్ఠంగా ఎన్ని డాలర్లు ఇస్తుంది, ఆ మాట ఏ పేజీలో ఉంది?" జవాబు నోటితో కాక పేజీ నంబరుతో రావాలి. అరవై దాటినవారి పాలసీల్లో మరొక మెలిక కూడా ఉంటుంది. గది అద్దె రోజుకు ఇంత, ఐసీయూకు ఇంత, సర్జనుకు ఇంత అని విడివిడి హద్దులు పెడతారు. ఆ హద్దులు దాటిన ఖర్చు, మొత్తం కవరేజీ ఎంత మిగిలి ఉన్నా, మీదే.

మీ అబ్బాయి చూస్తున్న అమెరికా పాలసీలు కూడా అన్నీ ఒక్క రకం కావు. చవకగా కనిపించేవి స్థిర చెల్లింపు పాలసీలు. ఏ చికిత్సకు ఎంత ఇస్తారో ముందే పట్టిక వేసి ఉంచుతారు. రెండో రకం సమగ్ర పాలసీలు. వీటిలో మొదటి కొంత మొత్తాన్ని, అంటే డిడక్టబుల్‌ను, మనం భరించాక మిగిలిన బిల్లులో పెద్ద భాగాన్ని కంపెనీ భరిస్తుంది. తేడా ఎంతో ఒక ఊహా లెక్కతో చూద్దాము. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నందుకు 40,000 డాలర్ల బిల్లు వచ్చిందనుకోండి. డిడక్టబుల్ 250 డాలర్లు, ఆ తరువాతి 5,000 డాలర్లలో 80 శాతం కంపెనీది, 20 శాతం మనది, ఆపైన అంతా కంపెనీదే అన్న సమగ్ర పాలసీ ఉంటే మీ చేతి నుంచి పోయేది 250, మరొక 1,000 కలిసి 1,250 డాలర్లు. అదే స్థిర చెల్లింపు పాలసీ అయి, పట్టికలో ఆసుపత్రికి రోజుకు 1,500, సర్జనుకు 3,000 అని ఉంటే కంపెనీ ఇచ్చేది 7,500. మిగిలిన 32,500 డాలర్లు మీరు వెతుక్కోవాలి. రెండు పాలసీల మొదటి పేజీ మీదా ఒకే అంకె ఉండవచ్చు. ప్రీమియంలో మిగిలేది కొద్ది వందల డాలర్లే కాబట్టి అరవై దాటినవారికి స్థిర చెల్లింపు పాలసీని నేను సిఫారసు చేయను.

సమగ్ర పాలసీల్లో మీ వారికి అసలు ఉపయోగపడేది, పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే చెల్లించే నిబంధన. దాని మాటలను అబ్బాయి చేత రెండుసార్లు చదివించండి. జబ్బు ముందస్తు సూచన ఏదీ లేకుండా ఒక్కసారిగా ముదరాలి, వెంటనే చికిత్స అవసరమైన పరిస్థితి అయి ఉండాలి, సాధారణంగా 24 గంటల లోపల వైద్యుని దగ్గరకు వెళ్లి ఉండాలి. రాత్రి భోజనం చేసి కూర్చున్న మనిషికి ఛాతీలో నొప్పి వచ్చి, గంటలో ఆసుపత్రికి తీసుకువెళితే ఈ నిబంధన కిందకు వస్తుంది. పది రోజులుగా మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని, ఊరికి వెళ్లాక చూపించుకోవచ్చులే అని ఓర్చుకుని, చివరికి ఆసుపత్రిలో చేరితే అది క్రమంగా ముదిరిన జబ్బు అని కంపెనీ అంటుంది. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. కొడుకుకు ఖర్చు పెట్టించకూడదని బాధను దాచుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటు. ఈ పాలసీ విషయంలో ఆ అలవాటే అన్నిటికంటె ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది గనుక మీ వారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఈ నిబంధన చాలా పాలసీల్లో 70 ఏళ్ల లోపు వారికే పూర్తిగా వర్తిస్తుంది. ఆ వయసు దాటితే తగ్గిపోతుంది లేదా పోతుంది. కొన్నిటిలో గుండెపోటు, పక్షవాతాలకు ప్రత్యేకంగా ఇంకా చిన్న పరిమితి ఉంటుంది. మీరు చూస్తున్న పాలసీ అటువంటిదైతే వదిలేసి మరొకటి చూడండి. షుగరు పరీక్షలు, రోజూ వేసుకునే మందులు, మామూలు చెకప్పులు వీటిలో దేనికీ సందర్శక పాలసీలు సాధారణంగా చెల్లించవు. కాబట్టి అయిదున్నర నెలలకు, మరొక రెండు మూడు వారాలకు సరిపడా మందులు, ఇక్కడి డాక్టరు చీటీతో, కంపెనీ అట్టపెట్టెల్లోనే ఉంచి తీసుకువెళ్లండి. మన డాక్టరు రాసిన చీటీ మీద అక్కడి మందుల దుకాణంలో మందు ఇవ్వరు.

నలుగురికీ కలిపి ఒకే పాలసీ వద్దు. ఉమ్మడి పాలసీల్లో ప్రీమియం తరచుగా అందరిలో పెద్దవారి వయసును బట్టి ఉంటుంది. అంటే తొమ్మిదేళ్ల మనవడికి కూడా తాతగారి లెక్కన కడతారు. పైగా మీ ప్రయాణ కాలాలు వేరు, అవసరాలు వేరు. అమ్మాయికి, మనవడికి మన దేశపు కంపెనీ దగ్గర నెల రోజుల మామూలు పాలసీ, అమెరికా, కెనడాలు కలిపి ఉన్నది, సరిపోతుంది. అమెరికా, కెనడాలను మినహాయించి ప్రపంచమంతటికీ వర్తించే చవక పాలసీలు కూడా అమ్ముతారు. పొరపాటున అది తీసుకోకండి. మీ వారికి అమెరికా సమగ్ర పాలసీ. మీకు రెండింటిలో ఏదైనా ఫరవాలేదు గానీ, ఇంట్లో ఒకే కంపెనీ ఫోను నంబరు, ఒకే ఆసుపత్రుల జాబితా ఉంటే కంగారులో తికమక ఉండదు కాబట్టి ఆయనకు తీసుకున్నదే మీకూ విడి పాలసీగా తీసుకోండి.

కాలం విషయంలో పొదుపు చేయకండి. ముందు రెండు నెలలకు తీసుకుని, అవసరమైతే తరువాత చూద్దాము అనుకునేవారున్నారు. మొదటి పాలసీ ముగిసి కొత్త పాలసీ తీసుకుంటే, మొదటి కాలంలో బయటపడిన జబ్బు రెండో పాలసీకి పాత జబ్బయిపోతుంది. బయలుదేరిన రోజు నుంచి తిరిగి ఇంటికి చేరే రోజు వరకు ఒకే పాలసీ ఉండాలి, అవసరమైతే దానినే గడువు తీరకముందు పొడిగించుకునే వీలు ఉండాలి. డిడక్టబుల్ మొత్తం పాలసీకి ఒకసారా, ప్రతి జబ్బుకూ ఒకసారా అన్నది కూడా అడగండి. రెండోది అయితే దగ్గుకు ఒకసారి, నడుం నొప్పికి ఒకసారి అదే మొత్తం మళ్లీ మళ్లీ కట్టవలసి వస్తుంది.

అక్కడికి చేరిన మొదటి వారంలోనే అబ్బాయి చేత రెండు పనులు చేయించండి. పాలసీ నెట్‌వర్కులో, అంటే బీమా కంపెనీతో ఒప్పందంలో, ఉన్న ఆసుపత్రి ఇంటికి దగ్గరలో ఏది ఉందో, జ్వరం వంటి వాటికి వెళ్లగల అర్జెంట్ కేర్ కేంద్రం ఏదో చూసి కాగితం మీద రాసి పెట్టమనండి. జ్వరానికి ఎమర్జెన్సీ గదికి పరుగెత్తితే బిల్లు ఎన్నో రెట్లవుతుంది, కొన్ని పాలసీలు అందుకు అదనపు డిడక్టబుల్ కూడా వేస్తాయి. గుండె నొప్పికి మాత్రం ఇవేవీ ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలి. ఆసుపత్రిలో చేర్చాక పాలసీలో చెప్పిన గడువు లోపల బీమా సహాయ కేంద్రానికి తెలపాలి. తెలపకపోతే చెల్లింపులో కోత పడవచ్చు. ఇక పుట్టబోయే పాపకు మీ పాలసీలు ఏవీ వర్తించవు. పుట్టిన 30 రోజుల్లో అబ్బాయి తన కంపెనీ ఆరోగ్య పాలసీలో పేరు చేర్పించాలి. పురిటి హడావుడిలో ఇది మరచిపోయేవాళ్లు ఉన్నారని విన్నాను, అందుకే అడగకపోయినా చెబుతున్నాను.

ప్రశ్న: సెప్టెంబరులో మేము ఆరుగురం, 72 ఏళ్ల మా అమ్మతో సహా, పన్నెండు రోజుల యూరప్ యాత్రకు వెళ్తున్నాము. లండన్‌లో దిగి, అక్కడి నుంచి పారిస్, స్విట్జర్లాండ్ చూసి రోమ్ నుంచి తిరుగు ప్రయాణం. టూరు కంపెనీ వారే 30,000 యూరోల బీమా ఇచ్చారు. వీసాకు అది చాలుతుందట. ఇంకేమైనా చేయాలా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వీసాకు చాలుతుంది. షెంగెన్ దేశాల, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల, వీసా నియమావళి అడిగే కనీస మొత్తం అదే. అత్యవసర చికిత్స, ఆసుపత్రి ఖర్చు, రోగిని స్వదేశానికి చేర్చడం, మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని తరలించడం ఇవన్నీ అందులో ఉండాలి, షెంగెన్ ప్రాంతమంతటా, మీరు అక్కడ ఉండే అన్ని రోజులకూ వర్తించాలి. అయితే అది వీసా అధికారిని తృప్తిపరచడానికి పెట్టిన కనీస గీత మాత్రమే. 72 ఏళ్ల అమ్మగారికి ఆ గీత దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చదు. ఆమె వరకు ఎక్కువ మొత్తానికి, పాత జబ్బుల అత్యవసర చికిత్స ఉన్న విడి పాలసీ తీసుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపినది లండన్. బ్రిటన్ షెంగెన్ ప్రాంతంలో లేదు. టూరు కంపెనీ ఇచ్చినది షెంగెన్ దేశాలకు మాత్రమే రాసిన పాలసీ అయితే మీ మొదటి మజిలీలో మీకు బీమా లేనట్టే. బ్రిటన్‌లో అత్యవసర విభాగంలో చూపించుకోవడం వరకు ఉచితమే గానీ, వార్డులో చేర్చుకుంటే మనవంటి సందర్శకుల నుంచి ప్రభుత్వ ఆసుపత్రులు కూడా తమ మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తాయి. పాలసీ మీద దేశాల జాబితాను చదివి, బ్రిటన్ లేకపోతే అమెరికా, కెనడాలు మినహా ప్రపంచమంతా వర్తించే పాలసీకి మార్పించండి. తేదీలు కూడా చూడండి. తిరుగు విమానం తప్పిపోవచ్చు, ఎవరికైనా జ్వరం వచ్చి ప్రయాణం వాయిదా పడవచ్చు కాబట్టి అటు ఇటు రెండు మూడు రోజులు కలుపుకోండి. స్విట్జర్లాండ్‌లో రైలెక్కి మంచుకొండ చూసి రావడానికి ఏ ఇబ్బందీ లేదు. పిల్లలు స్కీయింగ్ చేయాలని ముచ్చట పడితే మాత్రం, మామూలు పాలసీల్లో అటువంటి సాహస క్రీడల్లో తగిలిన దెబ్బలకు చెల్లింపు ఉండదు. అదనపు కవరేజీ ముందే కొనుక్కోవాలి. వీసా రాకపోతే ప్రీమియం తిరిగి ఇస్తారా అని కూడా అడిగి ఉంచండి. ప్రయాణం మొదలు కాలేదని రుజువు చూపితే చాలా కంపెనీలు కొంత రుసుము మినహాయించుకుని తిరిగి ఇస్తాయి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉద్యోగ విరమణ చేశాను. నాకు ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంది. ఇది కాక పది లక్షల సొంత ఆరోగ్య పాలసీ, బీమా కలిపి ఇచ్చిన క్రెడిట్ కార్డు ఉన్నాయి. సింగపూర్ వారం రోజుల ప్రయాణానికి వేరే పాలసీ ఎందుకు?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉద్యోగుల ఆరోగ్య పథకంగానీ, ఆరోగ్యశ్రీగానీ విదేశీ ఆసుపత్రుల్లో చెల్లవు. మీ సొంత పాలసీ కూడా, విదేశీ చికిత్స అని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, దేశం లోపలకే పరిమితం. క్రెడిట్ కార్డు బీమాలో ఎక్కువ భాగం విమాన ప్రమాదానికి, సామాను పోవడానికి సంబంధించినది. వైద్యం ఉన్నా టిక్కెట్టు ఆ కార్డుతోనే కొని ఉండాలి వంటి షరతులు ఉంటాయి. వారం రోజుల ఆసియా పాలసీ ప్రీమియం మీరు విమానాశ్రయంలో కాఫీ, టిఫిన్లకు పెట్టే ఖర్చు కంటె పెద్ద ఎక్కువేమీ ఉండదు. తీసుకోండి. మన కంపెనీల పాలసీని దేశం విడిచే ముందే తీసుకోవాలని మరచిపోకండి.

ప్రశ్న: టొరంటోలో ఉన్న మా అమ్మాయి మా ఇద్దరికీ సూపర్ వీసాకు దరఖాస్తు పెడుతోంది. బీమా కొటేషన్ తీసుకుని జతచేస్తే చాలునా? వీసా వచ్చాక డబ్బు కడదామని ఉంది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలదు. పిల్లల దగ్గర ఎక్కువ కాలం ఉండడానికి తల్లిదండ్రులకు కెనడా ఇచ్చే ఈ వీసాకు బీమా తప్పనిసరి. కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీతో, దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి కనీసం ఒక సంవత్సరం వర్తించే పాలసీ ఉండాలి, డబ్బు కట్టినట్టు రుజువు ఉండాలి; కొటేషన్లను వారు లెక్కలోకి తీసుకోరు. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే కొంత ముందుగా చెల్లించి మిగిలినది వాయిదాల్లో కట్టే పాలసీలను అంగీకరిస్తారు. కెనడా కంపెనీల పాలసీలతోపాటు, 2025 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన విదేశీ కంపెనీల పాలసీలనూ ఒప్పుకుంటున్నారు. వీసా రాకపోతే ప్రీమియం తిరిగి ఇచ్చే షరతు ఉన్నదానినే ఎంచుకోండి. ఈ పాలసీల్లో పాత జబ్బుల నిబంధన అమెరికా పాలసీల వంటిది కాదు: బయలుదేరే ముందు ఇన్ని నెలలపాటు జబ్బు నిలకడగా ఉండాలి అంటారు. ఆ కాలంలో డాక్టరు మందు మార్చినా, మోతాదు పెంచినా తగ్గించినా నిలకడ లేదనే లెక్క వేయవచ్చు. కాబట్టి ప్రయాణానికి ముందు మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి, మందుల మార్పు ఏదైనా అవసరమైతే ముందుగానే చేయమనండి. అవసరమైన మార్పును మాత్రం బీమా కోసం ఆపవద్దు.

ప్రశ్న: హైదరాబాదులో తీసుకున్న ప్రయాణ పాలసీతో మా నాన్నగారు మా అన్నయ్య దగ్గరకు వెళ్లారు. అక్కడ మూత్రపిండంలో రాయి వల్ల ఆసుపత్రిలో చేరారు. దరఖాస్తులో షుగరు ఉన్న సంగతి చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఫారం నింపింది ఏజెంటు. నాన్నగారు సంతకం మాత్రమే పెట్టారు. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఉంది, కానీ మీ వాదన ఏమిటో ముందు స్పష్టం చేసుకోవాలి. ఏజెంటు నింపాడన్న మాట బలమైనది కాదు. కింద సంతకం ఎవరిదో వారే ఆ మాటలకు బాధ్యులు. మీకు ఉన్న గట్టి ఆధారం వేరే: చికిత్స జరిగింది మూత్రపిండంలో రాయికి, దాచారంటున్నది షుగరును. ఆ రాయికి షుగరుతో సంబంధం లేదని చికిత్స చేసిన వైద్యుని చేత లేఖ రాయించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ, పరీక్షల నివేదికలు, వివరమైన బిల్లు, చెల్లింపు రసీదులు అన్నీ మీ అన్నయ్య చేత తెప్పించండి. అక్కడి ఆసుపత్రి వివరాలు లేని మొత్తం బిల్లు ఒక్కటే ఇస్తుంది, పద్దులవారీ బిల్లు కావాలని విడిగా అడగాలి.

వీటితో మొదట బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి లిఖితపూర్వకంగా రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగాదాలను విచారించి తేల్చే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాది లోపల వెళ్లాలి, రుసుము లేదు, వకీలు అవసరం లేదు. అసలు వకీళ్లను అక్కడ అనుమతించరు. బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. అయితే ఆ సంస్థ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తుందే తప్ప తీర్పు చెప్పదు. అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ దగ్గరకే వెళ్లండి.

తెనాలి పాఠకురాలికి ఇచ్చిన జవాబుకు ఇక్కడ ఒక మాట కలపాలి. అమెరికాలో కొన్న పాలసీకి మన అంబుడ్స్‌మన్‌తో పని లేదు. అక్కడ బీమా నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంటుంది కాబట్టి తగాదా వస్తే అక్కడి రాష్ట్ర బీమా శాఖకు మీ అబ్బాయే రాసుకోవాలి.